వీధులు మూసే లెక్క

చిరంజీవి మా ఇంజను గది అమ్మాయికి మీ అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నీ కూతురూ. క్షేమం అంటే ఇద్దరం వేళకి తింటున్నాం, ఇద్దరికీ జ్వరం లేదు. ఆ మాటని అంతకుమించి సాగదీయకు, తెగుతుంది. నువ్వూ నీ ఓడా ఒకరినొకరు బాగా చూసుకుంటున్నారని తలుస్తాను.

నీ పోయిన ఉత్తరంలో ప్రశ్నలు వరసగా అడిగావు. వరసలోనే జవాబులు. మోకాలు ఉంది. మెట్లెక్కేటప్పుడు తానున్నానని గుర్తుచేస్తుంది, దిగేటప్పుడు కేకేసి మరీ చెబుతుంది. మందు వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కూతురు సముద్రం మధ్య ఇల్లంత ఇంజన్లకి వైద్యం చేస్తుంటే తల్లి కుళాయి కింద గిన్నె పెట్టుకుని కూర్చుంది. పై వాటావాళ్ళు పియానో అమ్మేశారు. దేవుడున్నాడని మొదటిసారి నమ్మకం కలిగింది.

ఇక ఆఖరి ప్రశ్న. పిల్ల కంప్యూటర్ శిబిరానికి ఎప్పుడు బయల్దేరుతోంది, పెట్టె కొన్నారా అని అడిగావు. సీటు వచ్చిందని తెలిసిన రోజు ఓడలో వంటవాడు కేకు చేశాడనీ, మీ కెప్టెను "ఇంజనీరు కడుపున ఇంజనీరు" అంటూ నీ చెయ్యి పట్టుకుని ఊపేశాడనీ రాశావు. ఆ పేజీ నేను రెండోసారి చదవలేకపోయాను. పెట్టె కొనలేదు. పిల్ల వెళ్ళడం లేదు.

ఫోనులో ఎందుకు చెప్పలేదని కోప్పడతావు. ఫోను మోగగానే నీ కూతురు వచ్చి పక్కన కూర్చుంటుంది. పైగా నా మాట నీ ఓడకి చేరి నీ మాట తిరిగొచ్చేలోపు ఎంత పెద్ద అబద్ధమైనా అల్లుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని నేను బాగా వాడుకున్నాను. కాగితం మీద ఆ సౌకర్యం లేదు. నువ్వు వెళ్ళి ఏడాది దాటింది, నీకు కొంత తెలుసు, కొంత తెలీదు. మొదటి నుంచీ చెబుతాను.

లైబ్రరీ మేడ మీద ఒకప్పుడు ఆడా మగా కలిసిన కంప్యూటర్ క్లబ్బు ఉండేది. కలిసి అంటే మగపిల్లలు కీబోర్డుల ముందు, ఆడపిల్లలు వాళ్ళ వెనక కుర్చీల్లో. మనపిల్ల చేత చార్టులకి రంగులు వేయించేవాళ్ళు, చేతిరాత బాగుంటుందని. అప్పుడు వచ్చింది ఈ అమ్మాయి. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. సాయంత్రాలు వచ్చి ఆడపిల్లలకి విడిగా క్లబ్బు పెట్టింది. పిల్లలందరికీ అక్క. నేనూ అక్క అనే రాస్తాను. నా మనవరాలికన్నా కాస్త పెద్దదైన పిల్లని నేను అక్క అనడమేమిటని నవ్వుకోకు. వినేవాళ్ళకి నేనేదో పడుచుదాన్నని అనిపిస్తుంది, పోనీ.

ఆవిడ పద్ధతి నాకు నచ్చింది. నాకు నచ్చే పద్ధతులు తక్కువ, నీకు తెలుసు. ముందు కీబోర్డు ముట్టనివ్వదు. పెన్సిలుతో కాగితం మీద ఆలోచించాలి. లెక్క తప్పిన పిల్ల బోర్డు దగ్గరికి వెళ్ళి ఎక్కడ తప్పిందో చెప్పాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. "లెక్క తప్పనివాళ్ళంటే అసలు లెక్క చెయ్యనివాళ్ళే" అనేది. కష్టమైన సంగతులకి ఇంటి పేర్లు పెట్టేది. ఒక గుంపులో ఎవరెవరున్నారో తెలుసుకోవాలంటే ఆ గుంపుకి ఒక పెద్దమ్మని పెట్టాలి. ఇద్దరు మనుషులు ఒకే ఇంటివాళ్ళా కాదా అని తేల్చాలంటే ఊరంతా విచారించక్కర్లేదు, "మీ పెద్దమ్మ ఎవరు?" అని ఇద్దరినీ అడిగితే చాలు. క్లబ్బులో పిల్లలందరి ప్రోగ్రాముల్లోనూ ఈ పెద్దమ్మ ఉండేది. రోజుకి రెండు మాటలు మాట్లాడే నీ కూతురు ఇంటికొచ్చి నాతో పెద్దమ్మల గురించి వాదించేది. నేను గెలవకపోయిన వాదనలు కూడా ఉన్నాయి.

దాని స్నేహితురాలు పిచిక. అసలు పేరు నేనే మరిచిపోయాను. తండ్రికి మార్కెట్ వెనక తాళాలు బాగుచేసే కొట్టు. వాళ్ళింట్లో కంప్యూటర్ లేదు కాబట్టి మనింటికే వచ్చేది.

శిబిరానికి ఎంపిక ఎలాగంటే, వారం రోజుల పోటీ. లెక్కలు ఇస్తారు, ఇంట్లో కూర్చుని ప్రోగ్రాం రాసి పంపాలి. ఎవరి సాయమూ తీసుకోకూడదు. నెగ్గినవాళ్ళకి శిబిరం, శిబిరం దాటితే మంచి కాలేజీ దానంతటదే వస్తుంది. మనపిల్లకి ఇదే ఆఖరి ఏడు, వచ్చేసారికి వయసు దాటిపోతుంది. ఆ లెక్కల్లో పొరపాట్లున్నాయేమో ముందే సరిచూసే బృందంలో అక్క ఉంది. అందుకని ఆ వారం మొదలయ్యే ముందు పిల్లలతో, "నన్ను వీధిలో చూసినా పలకరించకండి, నా మొహం చూస్తే కూడా ఏదో చెప్పినట్టే ఉంటుంది" అని క్లబ్బుకి తాళం వేసింది.

మన ఇంట్లో ఒకటే కంప్యూటర్. ఒకరు రాస్తుంటే ఇంకొకరు గోడవైపు తిరిగి కూర్చోవాలని వాళ్ళిద్దరే నియమం పెట్టుకున్నారు. నేను చూశాను, నిజంగానే గోడవైపు తిరిగి కూర్చునేవాళ్ళు. ఇది రాస్తున్నది నువ్వు గుర్తుంచుకోవాలని.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి పిలిస్తే ఇద్దరూ వచ్చారు గానీ పళ్ళేల్లోకి చూడటం లేదు.

"తినండే, కూర చల్లారిపోతోంది" అన్నాను.

"ఊరు ముక్కలైపోతుంటే నువ్వు కూరంటావేంటి అమ్మమ్మా!" అంది నీ కూతురు.

"ఏ ఊరు?"

"ఒక ఊళ్ళో వీధులు ఒక్కొక్కటే మూసేస్తూ పోతారు. ఒక్కో వీధి మూసినప్పుడల్లా ఊరు ఎన్ని ముక్కలైందో చెప్పాలి. వేల వీధులు. ప్రతిసారీ ఊరంతా తిరిగి చూస్తే టైము చాలదు."

"ఏయ్, ఎవరికీ చెప్పకూడదు కదే!" అంది పిచిక.

"అమ్మమ్మకేగా. గోడకి చెప్పినట్టే."

గోడ. ముప్పై ఏళ్ళకి పైగా ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. గోడ అయితే గోడలాగే ఊరుకుని ఉండాల్సింది. ముద్ద మింగి అన్నాను కదా: "విడాకులు లెక్కపెట్టడం ఎవరి తరమే? ఎవరు ఎవరితో విడిపోయారు, చాటుగా ఇంకా కలుసుకుంటున్నారా అని ఊరంతా వాకబు చెయ్యాలి. పెళ్ళిళ్ళయితే తేలిక. రెండిళ్ళు ఒకటయ్యాయి, లెక్కలో ఒకటి తగ్గింది, అంతే. కథని చివరి నుంచి చెప్పుకోండి. వీధులన్నీ మూసేసిన రోజుతో మొదలుపెట్టి, వెనక్కి ఒక్కొక్కటే తెరుచుకుంటూ రండి."

ఇద్దరూ నా వైపు చూశారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. పళ్ళేలు వదిలేసి లేచారు. పిచిక కుర్చీ వెనక్కి పడింది, ఎవరూ ఎత్తలేదు. ఆ పూట గిన్నెలు కడుగుతూ నేను కూనిరాగం తీశాను. అమ్మాయీ, రిటైరయ్యాక అంత సంతోషం నాకు మళ్ళీ అప్పుడే కలిగింది.

ఫలితాలకి ముందు కమిటీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరు పిల్లలూ, పెద్దవాళ్ళొకరూ రావాలి. పిచిక తండ్రి కొట్టు వదిలి రాలేనన్నాడు, ఇద్దరికీ నేనే పెద్దదిక్కునై వెళ్ళాను. గుండ్రటి బల్ల. గోడ నిండా పోస్టర్లు: అమ్మాయిలూ రండి, రేపటి ప్రపంచం మీదే అని. ఒక దాంట్లో కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల నవ్వుతూ కంప్యూటర్ తెర వైపు వేలు చూపిస్తోంది. తెర ఆరిపోయి ఉంది. అది గమనించకుండానే ముద్రించేశారు. అక్క అప్పటికే వచ్చి ఒక చివర కూర్చుంది.

కమిటీ పెద్ద మర్యాదస్తుడు. "భయపడకండి, ఊరికే మాట్లాడుకుందాం" అన్నాడు. భయపడకండి అని మొదలుపెట్టేవాళ్ళు ఎందుకు పిలుస్తారో నాకు తెలుసు, హెడ్‌మాస్టర్ల దగ్గర పనిచేశాను.

"ఈ లెక్కని ఇలా తిరగేసి చేసినవాళ్ళు ఇన్ని వందల మందిలో మీరిద్దరే. ఇద్దరి ప్రోగ్రాముల్లోనూ ఈ పెద్దమ్మ ఎవరమ్మా?"

"ఇంటికి పెద్దండీ. మేమందరం అలాగే రాస్తాం. అక్క నేర్పింది" అంది పిచిక.

"అక్క నేర్పింది" అని ఆయన మెల్లగా తిరిగి అన్నాడు. "మరి తిరగెయ్యడం ఎవరు నేర్పారు?"

నీ కూతురు బల్లకేసి చూస్తూ, "మాకే తట్టింది" అంది.

"ఇద్దరికీ ఒకేసారా? జలుబులాగా?" అన్నాడు పక్కనున్నాయన. ఒకరిద్దరు నవ్వారు.

కమిటీ పెద్ద నవ్వలేదు. "చూడండి, ఒకరిది చూసి ఒకరు రాసుంటే ఇద్దర్నీ తీసెయ్యాలి. లేదూ, ముందే ఎవరైనా చెప్పుంటే అది వేరే సంగతి." అక్క వైపు తిరిగాడు. "ఈ లెక్కలు ముందుగా చూసినవాళ్ళలో మీరున్నారు కదూ?"

ఆ అమ్మాయి పిల్లల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. పిల్లని తీసుకురావడానికి క్లబ్బుకి వెళ్ళినప్పుడు ఓసారి తన బోర్డు మీద తప్పు దొర్లితే వెనక కుర్చీలోంచి నేను దిద్దాను, నేనేం చదువుకున్నానో తనకి తెలుసు. సంగతి పట్టేసింది. నేను మాట్లాడతానని ఆగింది కూడా. నేను పోస్టరులో ఆరిపోయిన తెరని చూస్తూ కూర్చున్నాను. ఇంటి గుమ్మం దగ్గర కూరగాయలవాడిని కూడా వదలని నోరు నాది. అవసరమైన చోట దాన్ని ఎలా మూసుకున్నానో చూడు.

"నేనే చెప్పాను" అంది అక్క. "పోటీకి ముందు క్లబ్బులో. ఏ లెక్క కోసమో పిల్లలకి తెలీదు. వాళ్ళ తప్పేం లేదు."

గదిలో అందరూ హాయిగా ఊపిరి వదిలారు. తప్పుకి ఒక మనిషి దొరికితే చాలు, మిగతావాళ్ళకి ఆకలి కూడా వేస్తుంది. బిస్కెట్లు తెప్పించారు.

తర్వాతవి త్వరత్వరగా జరిగాయి. లెక్క బయటపెట్టిందని అక్కని తీసేశారు. ఆవిడ పనిచేసే కంపెనీయే ఈ పోటీలకి డబ్బు పెడుతోందట, రాజీనామా ఇచ్చి వెళ్ళమన్నారు. క్లబ్బు గదిలో ఇప్పుడు పాత పత్రికల కట్టలు పెట్టారు. నీ కూతురికి శిబిరంలో సీటు వచ్చింది, పిచికకి కొద్దిలో తప్పిపోయింది. ఆ వారమే నువ్వు ఫోను చేశావు. "గెలిచిందే!" అని నేను అరిచాను. నీ కూతురు పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. నువ్వు సంతోషంతో ఏడ్చావు. నాకు వినపడింది.

పిచిక రావడం మానేసింది. వెతుక్కుంటూ వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. తండ్రి వెనక చిన్న బల్ల దగ్గర కూర్చుని ఆకురాయితో తాళంచెవి అరగదీస్తోంది. తలెత్తలేదు.

"పిల్లని క్లబ్బు మాన్పించారా?" అన్నాను. క్లబ్బే లేదని తెలిసి కూడా అదే అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"అమ్మగారూ, మీరు చదువుకున్నవారు, కోప్పడకండి" అన్నాడతను, చేతిలో పని ఆపకుండా. "ముందే లెక్క తెలిసిన పిల్లలట అని బజారంతా అనుకుంటున్నారు. మీకు అది మాటే. మాది జనం ఇళ్ళ తాళాలు చేతిలో పెట్టే వృత్తి. దొంగ అన్న మాట మా గడపలోకి ఒక్కసారి వచ్చిందంటే ఇంక ఎవరు తాళం ఇస్తారండీ?"

"దొంగతనం చేసింది అది కాదయ్యా."

"మరెవరండీ?"

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. పిచిక అరగదీస్తూనే ఉంది.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా కమిటీ ఆఫీసుకి వెళ్ళాను, మోకాలు వద్దంటున్నా వినకుండా. కమిటీ పెద్ద కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. లెక్కని తిరగేసే ఆ మెలిక చెప్పింది నేను, భోజనాల దగ్గర, పిల్లలడగకుండానే చెప్పాను, ఆ అమ్మాయి నోటివెంట ఒక్క మాట కూడా రాలేదు అని చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆ ఊపడం నాకు తెలుసు. మా స్కూల్లో ఫీజు తేలేని తల్లులు చెప్పేదంతా మేమూ అలాగే తల ఊపుతూ వినేవాళ్ళం.

"మనవరాలి మీద ప్రేమ, అర్థమవుతోందండీ" అన్నాడు. "ఆవిడ మీద జాలి కూడా. కానీ ఇది వంటింట్లో కూరలు తరుగుతూ తట్టే విషయం కాదు కదా."

"కూర అప్పటికే అయిపోయింది. తింటుండగా తట్టింది. బోర్డు ఎక్కడుంది?"

మార్కరు తీసుకుని మొత్తం రాశాను. వీధులన్నీ మూసిన ఊరు, ఒక్కో వీధి తెరిస్తే ఎవరి పెద్దమ్మ ఎవరికి లొంగుతుందో, లెక్క ఎక్కడ తగ్గుతుందో, ఎందుకు టైము మిగులుతుందో, అన్నీ. ఒక్క గీత కూడా వంకర పోలేదు. రాసి వెనక్కి తిరిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. నమ్మాడనుకున్నాను.

"అబ్బ! మనవరాలు మీకు ఎంత బాగా నేర్పిందండీ!" అన్నాడు. పక్కగదిలోవాళ్ళని కూడా పిలిచి చూపించాడు. "ఈ వయసులో నేర్చుకోవాలన్న ఆ పట్టుదల చూడండి. వచ్చే ఏడు పోస్టరు మీద మీ ఫోటో వెయ్యాలండీ."

అమ్మాయీ, నన్ను జీవితంలో చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఇంత లోతు దిగలేదు. ఆడవాళ్ళకి లెక్కలు వస్తాయని ఊరూరా చాటడానికి పెట్టుకున్న కమిటీ అది. ఒక ముసలిదానికి లెక్క వచ్చునంటే వాళ్ళ ఊహకి అందలేదు.

ఇక నిజం నిలబడాలంటే పిల్ల నోటివెంటే రావాలి. ఇక్కడ నేను దాటేసిన ఒక మాట ఉంది. ఇన్ని పేజీలు రాశాను, ప్రతి పేజీలోనూ చెప్పాలనుకుని పక్కదారి పట్టాను. మెలిక చెప్పడం నోటి దురద. దాన్ని నువ్వు క్షమిస్తావు, ఎప్పుడూ క్షమిస్తూనే ఉన్నావు. రెండోది వేరు.

విచారణకి వెళ్ళేటప్పుడు బస్సులో నీ కూతురు నా కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు చెప్పావని చెప్పేద్దామా?" అంది. పిచిక కూడా, "అవునండీ అమ్మమ్మగారూ, చెప్పేద్దాం" అంది. నేనన్నాను: "నిజం ఏ వయసులోనైనా చెప్పుకోవచ్చు. శిబిరానికి వయసు దాటిపోతుంది. మగపిల్లాడైతే ఈ తలుపు మూస్తే ఇంకోటి తడతాడు. మీకెన్ని తలుపులున్నాయే? మాకే తట్టిందనండి, ఊరుకోండి." ఆ ఆఫీసులో నీ కూతురు అన్న మాట నేను బస్సులో నేర్పిన మాట. పరాయి ఆడపిల్ల ఉద్యోగం పోతుంటే పక్కనే కూర్చుని చూడటం కూడా నేనే నేర్పాను.

బోర్డు మీద రాసి వచ్చిన రోజు సాయంత్రం దానికి జరిగిందంతా చెప్పాను. పోస్టరు మాట చెప్పినప్పుడు నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"నేను చెబితే నమ్ముతారా?" అంది.

"సీటు పోతుంది."

"అది నాకు తెలుసు అమ్మమ్మా. నమ్ముతారా అని అడిగాను."

మర్నాడు బడి కాగానే ముందు పిచిక దగ్గరికి వెళ్ళింది, ఈ మాట బయటపడితే పిచిక మార్కులు కూడా కొట్టేస్తారు కాబట్టి. "చెప్పేయ్. నాకెలాగూ రాలేదు" అందట పిచిక. నేనూ వస్తానన్నాను. "వద్దు, నువ్వొస్తే నువ్వే మాట్లాడతావు" అని ఒక్కతే వెళ్ళింది.

దాని మాట వెంటనే నమ్మారు. మాకు తట్టింది అంటే నమ్మనివాళ్ళు, మేం తప్పు చేశాం అనగానే ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా నమ్మేశారు. సీటు తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది. ఇద్దరి మార్కులూ కొట్టేశారు. అక్క లెక్క బయటపెట్టలేదని ఒప్పుకున్నారు గానీ, కమిటీ ముందు అబద్ధమాడింది కాబట్టి మళ్ళీ తీసుకోలేమన్నారు. కంపెనీ ఆ పాటి మాట కూడా అనలేదు. అమ్మాయిలూ రండి అన్న పోస్టర్లు మాత్రం వీధి చివర కొత్తవి అంటించారు.

రెండు రోజులకి అక్క మనింటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, చెప్పులైనా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ రోజు ఆలోచించుకునే అన్నాను ఆ మాట. నాది పోతే పోయింది, ఒక్క పిల్లైనా ఆ గుమ్మం దాటుతుందనుకున్నాను. ఇప్పుడు నాదీ పోయింది, దానిదీ పోయింది."

"తప్పు సరిదిద్దుదామనే కదమ్మా..."

"సరిదిద్దే రోజు ఆ రోజండీ. మీ వైపు చూశాను కూడా. ఇంట్లో పెద్దవాళ్ళు నోరు జారారని అప్పుడే చెబితే ఆ ఒక్క లెక్క మార్కులు తీసేసి వదిలేసేవాళ్ళు. రూలు అదే. దాచారు కాబట్టి మొత్తం పోయింది. సీటు సంగతి ఎలా ఉన్నా క్లబ్బైతే మిగిలేది. ఆ గదిలో ఇంకా ఎంతమంది పిల్లలుండేవాళ్ళు!"

ఆ రూలు నాకు తెలీదు. అడగలేదు కూడా. లెక్కల టీచర్ని, ఇచ్చిన ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసేశాను.

నీ కూతురు లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. అక్క దాని వైపు చూసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు. వేరే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుంటోందని లైబ్రరీలో చెప్పారు. నీ కూతురు బడికి వెళ్తోంది, వస్తోంది, పెట్టింది తింటోంది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది. నేను తియ్యలేదు.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టాను. తర్వాత అనిపించింది, దాని గురించి ఇన్ని పేజీలు దాని వెనకాల రాశానని. పిలిచి చేతికిచ్చాను. నిలబడే చదివింది, ఎక్కడా ఆగకుండా. బస్సులో మాటల దగ్గరికి వచ్చాక ఆగింది.

"ఇది తప్పు" అంది.

"ఏది తప్పు? ఆ మాటలు నేనన్నవే."

"అన్నావు. నువ్వన్నందుకే మేం ఊరుకున్నామని రాశావు. స్వెట్టరు వేసుకోమంటే వింటానా నేను? పెందరాళే పడుకోమంటే వింటానా? నీ మాట ఎప్పుడు విన్నాను అమ్మమ్మా?"

"మరెందుకు ఊరుకున్నావు?"

కాగితాలు సర్ది నా ముందు పెట్టింది. "నాకు ఆ సీటు కావాలనిపించింది. అక్క నేనే చెప్పాను అన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. శిబిరానికి ఏ బట్టలు పట్టుకెళ్ళాలా అని ఆలోచించాను, అక్కడే, ఆ కుర్చీలోనే. బిస్కెట్టు కూడా తిన్నాను. అది రాయి."

"మీ అమ్మ ఎంత బాధపడుతుందే? నా మీదే ఉండనియ్యి. నేను ముసలిదాన్ని, మోస్తాను."

"నాది నువ్వు మొయ్యకు. రాయి అమ్మమ్మా."

దీన్ని నీకు ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. కొట్టేద్దామా, కొంచెం మెత్తగా మారుద్దామా అని చూశాను. కానీ అది నా కుర్చీ వెనకే నిలబడి ఉంది. అన్నది అన్నట్టు రాశాను. చదువుకుని, సరే అంది.

ఇట్లు,
చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెడుతున్న
మీ అమ్మ